నూటికి డెబ్బై ఎనిమిది లింఫోసైట్లు

మార్కాపురంలో నేను పనిచేసే ల్యాబు ఒకప్పుడు బడిపిల్లల రాతిపలకల గోడౌను. దాన్ని ప్లైవుడ్ గోడలతో మూడు గదులుగా విడగొట్టారు. మైక్రోస్కోపు ఉన్న గది అన్నిటికంటే చిన్నది. స్టూలు మీద కూర్చుంటే వీపు గోడకు తగులుతుంది, మోకాళ్లు బల్లకు తగులుతాయి. కిటికీ లేదు. పదహారేళ్లుగా నా పగళ్లలో ఎక్కువ భాగం ఆ గదిలోనే గడిచిపోయింది.

నా పని రక్తం చూడటం. జ్వరమొచ్చినవాళ్ల రక్తం, గర్భిణుల రక్తం, ఆపరేషనుకు ముందు తీసిన రక్తం, ఏదైనా ఒక చుక్క గాజుపలక మీద వేసి, సన్నగా పొరలా లాగి, అద్దకం వేసి, ఆరబెట్టి, లెన్సు కింద తెల్లకణాలు నూరు లెక్కపెట్టాలి. ఆ నూటిలో ఏ రకం ఎన్నో రాయాలి. ఈ పని నాకు నేర్పింది ల్యాబు యజమాని. ఆయన్ను ఊళ్లో అందరూ భాయ్ అనే పిలుస్తారు, నేనూ అంతే. ఇప్పుడు లెక్కలన్నీ మెషీన్ చేస్తుంది కదా, మళ్లీ కంటితో ఎందుకని చేరిన కొత్తలో అడిగాను. మెషీన్ లెక్క చెప్తుంది, సంగతి కన్నే చెప్పాలి అన్నాడాయన.

ఆ తెల్లకణాల్లో ఒక జాతి లింఫోసైట్లు. చిన్నగా, గుండ్రంగా, లోపలంతా ముదురు ఊదా గింజే నిండి ఉంటాయి. మంచి ఒంట్లో నూటికి ఇరవై నుంచి నలభై దాకా కనిపిస్తాయి. ఒంట్లో ఏది మనదో ఏది పరాయిదో గుర్తుపట్టేది అవేనని డిప్లొమాలో చదువుకొని, పరీక్షలో రాసి, మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ వాక్యం నా ఒంట్లోనే తప్పు అవుతుందని అప్పుడు తెలియదు.

ముప్పై రెండో ఏట పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకునేవి కావు. పిడికిలి బిగించబోతే సగంలో ఆగిపోయేది. రెండు గంటలు గడిస్తే గాని చీర కుచ్చిళ్లు పోసుకోలేకపోయేదాన్ని. అందరూ నీళ్ల వల్లే అన్నారు. మాది పెద్దారవీడు పక్క పల్లె. మా వైపు నలభై దాటకముందే నడుము వంగిపోయిన మనుషులు ఇంటికొకరు ఉంటారు. ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగినదానికి కీళ్లు నొప్పి పుట్టక ఏం చేస్తాయని మా అమ్మ కూడా అన్నది. నేనూ నమ్మాను. అందరికీ ఉన్నదే నాకూ ఉందనుకోవటంలో ఒక ధైర్యం ఉంటుంది. ఆ ధైర్యంతోనే రెండేళ్లు పోగొట్టుకున్నాను.

ఒకరోజు ల్యాబులో పనిలేని మధ్యాహ్నం నా రక్తం నేనే తీసుకొని, కీళ్లవాతానికి చేసే పరీక్ష చేసుకున్నాను. నల్ల పలక మీద పాలలాంటి ద్రావణం చుక్క, దాని పక్కన నా సీరం చుక్క. రెంటినీ కలిపి పలకను అటూ ఇటూ ఆడించాను. మామూలు మనిషిదైతే పాలు పాలుగానే ఉంటాయి. నాది చూస్తుండగానే విరిగింది.

ఒంగోలులో డాక్టరు నా వేళ్లు ఒక్కొక్కటీ నొక్కి చూసి, ఇది నీళ్ల జబ్బు కాదు, రుమటాయిడ్ అన్నాడు. నీ లింఫోసైట్లే నీ కీళ్లలోని పొరను పరాయిదనుకొని దాని మీద పడుతున్నాయి అన్నాడు. వాటిని అణచడానికి వారానికి ఒకసారి మాత్ర. ఆదివారం వేసుకుంటే సోమవారమంతా వాంతి వచ్చినట్టే ఉండి రాదు. అదికాక రోజూ చిన్న స్టెరాయిడ్ మాత్ర. ఎన్నాళ్లు వాడాలని అడిగాను. ఎన్నాళ్లని అడగొద్దన్నాడు. ఆ మాత్రలు వాడితే రోగాల నుంచి ఒంటికుండే కాపలా కూడా సన్నగిల్లుతుందని, జ్వరమొస్తే ఆలస్యం చేయొద్దని చెప్పాడు. మాత్ర మానితే నా కణాలు నన్ను తింటాయి. మాత్ర వేసుకుంటే అవి నన్ను కాయవు. బస్సులో మార్కాపురం తిరిగి వస్తూ దారి పొడుగునా ఇదొక్కటే అనుకున్నాను.

ఇంట్లో మేము నలుగురం. నేను, నన్ను కట్టుకున్న బావ, మా పాప, అత్త. అత్త నాకు మేనత్తే, మా నాయనకు సొంత అక్క. బావ ఒక స్కూలు బస్సు నడుపుతాడు. పొద్దున ఆరున్నరకు పోతాడు. అత్త ముప్పై ఏళ్లు పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించిన మనిషి. అరవై ఐదు దాటినా ఆమె చేతుల్లో సత్తువ తగ్గలేదు. మా సందులోకి నీళ్ల ట్యాంకరు రెండు రోజులకొకసారి సరిగ్గా నా వేళ్లు తెరుచుకోని వేళకే వచ్చేది. బిందెలన్నీ అత్తే మోసేది. మోసినందుకు నాకు బాధగానే ఉండేది. కాని ఆమె ఊరికే మోసేది కాదు. ప్రతి బిందెకూ సందంతా వినబడేలా ఒక మాట అనేది. కోడలు వచ్చినాక కూర్చొని తింటానని అనుకొంటినని, తనకు ఆ రాత లేదని, తన ఒంట్లోకి ఇంతవరకూ ఒక గోళీ కూడా పోలేదని. పొద్దున ఆరు గంటలకు మంచం మీద కూర్చొని, రెండు చేతులూ వేడినీళ్లలో పెట్టుకొని ఆ మాటలన్నీ వినేదాన్ని. లేచి పోలేను, చెవులు మూసుకోలేను.

ఆమె రక్తం నా ముందుకు రావటం ఎవరూ అనుకొని చేసింది కాదు. కంటిలో శుక్లం ముదిరింది, ఆపరేషన్ చేయాలన్నారు. దానికి ముందు రక్తపరీక్షలు. బావ ఆమెను ల్యాబుకు తీసుకొచ్చాడు. రక్తం తీసింది నేనే. మెషీన్‌లో పెడితే తెల్లకణాలు నలభై ఒక్క వేలు చూపించింది. మామూలుగా పదకొండు వేలు దాటకూడదు. మెషీన్ పొరపాటు పడిందేమోనని ఇంకోసారి పెట్టాను. అంతే వచ్చింది.

స్లైడు చేసి చూశాను. కనుచూపు మేరంతా లింఫోసైట్లు. అన్నీ ఒకే సైజు, ఒకే రంగు, ఒకే అచ్చులో పోసినట్టు. నూరు లెక్కపెడితే డెబ్బై ఎనిమిది అవే. మధ్యమధ్య బొటనవేలితో అలికినట్టు చెదిరిపోయిన మరకలు. అవి కూడా లింఫోసైట్లే. రక్తం పలక మీద లాగేటప్పుడు ఆ ఒత్తిడికి తట్టుకోలేక పగిలిపోతాయి. ఆ మరకలు దేనికి గుర్తో నాకు తెలుసు. మూడుసార్లు లెక్కపెట్టాను. రెండోసారి డెబ్బై తొమ్మిది, మూడోసారి మళ్లీ డెబ్బై ఎనిమిది. గోడ అవతల అత్త గొంతు వినిపిస్తోంది. వరసలో కూర్చున్న ఎవరికో తన ఆరోగ్యం గురించి చెబుతోంది.

భాయ్‌ని పిలిచి చూపించాను. ఆయన చాలాసేపు కన్ను తీయకుండా చూసి, ఎవరిదని అడిగాడు. మా అత్తది అన్నాను. ఆయన లేచి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి చెప్పాడు.

"బేటీ, ఇది మనం చెప్పే మాట కాదు. శాంపిలు హైదరాబాదు పంపుదాం. అప్పటిదాకా నువ్వు ఇంట్లో మామూలుగా ఉండు. అది నీకు కష్టమే."

వారానికి రిపోర్టు వచ్చింది. లింఫోసైట్లకు వచ్చే క్యాన్సరు. మెల్లగా పెరిగే రకం. బావకు చెప్పాను. కంటి డాక్టరు పంపించాడని అత్తకు చెప్పి, ఆమెను గుంటూరు తీసుకుపోయాము. అక్కడ రక్తం జబ్బుల డాక్టరమ్మ మెడకింద, చంకల్లో గడ్డలున్నాయేమో తడిమి, కడుపు నొక్కి చూసింది. అత్తను బయట కూర్చోబెట్టాక మాతో మాట్లాడింది. ఇప్పుడు మందు అవసరం లేదంది. చాలామందికి ఏళ్ల తరబడి అవసరం రాదట. మూడు నెలలకొకసారి రక్తం చూస్తూ, పెరుగుతోందా, రక్తం తగ్గుతోందా, గడ్డలు వస్తున్నాయా అని కనిపెట్టుకొని ఉండటమే వైద్యమంది. ఈ కణాలు అన్నీ ఒక్కదానికి నకళ్లు, చావాల్సిన వేళకు చావవు, అదే వీటి రోగం అంది. బావ ఆమెకేసి చూస్తూ కూర్చున్నాడు. క్యాన్సరు అని చెప్పి మందు లేకుండా పంపించటం ఏమిటో అతనికి అర్థం కాలేదు.

తిరుగు ప్రయాణంలో రైలు దొనకొండ దాటింది. అత్త కిటికీ పక్కన నిద్రపోతోంది. బావ నా పక్కకు జరిగి, అమ్మకు చెప్పొద్దన్నాడు. వాళ్ల నాయన, మా మామ, తనకు గొంతు క్యాన్సరని తెలిసిన రోజు నుంచి అన్నం ముట్టలేదు, నెల తిరక్కుండా పోయాడు. ఆ మాటే ఆయన్ను చంపిందని బావ నమ్మకం. నేను చెప్పాలనే అన్నాను. ఆమె ఒళ్లు, ఆమెకు తెలియాలి కదా అన్నాను. ఇంటికి పోయాక అతను పాపను తీసుకొచ్చి నా ముందు నిలబెట్టి, నా చెయ్యి పట్టుకొని పాప తల మీద పెట్టాడు.

"చెప్పనని పాప మీద ఒట్టెయ్. నువ్వు చెప్తే అమ్మ బతకదు."

పాపకు అప్పుడు ఏడేళ్లు. ఏదో ఆట అనుకొని నవ్వుతోంది. ఒట్టు వేశాను.

ఆ తర్వాత రెండేళ్లు ఎలా గడిచాయో ఎవరికైనా చెప్పటం కష్టం. మూడు నెలలకొకసారి షుగరు చూడాలనే వంకతో అత్త చెయ్యి పట్టుకొని రక్తం తీసేదాన్ని. చట్రాలు బిగించి బిగించి ఆమె నరాలు తాళ్లలా పైకి తేలి ఉంటాయి, ఒక్క పోటుకే దొరుకుతాయి. నేను రక్తం తీస్తుంటే ఆమె నా వాచిన వేళ్లకేసి చూసి, ఆ చేతులతో ఊరందరికీ సూదులు ఎట్ల పొడుస్తావో అనేది. నేను ట్యూబు చేత్తో పట్టుకొని ఆ గదిలోకి పోయి కూర్చునేదాన్ని. డెబ్బై ఎనిమిది. ఎనభై. ఎనభై ఒకటి. మొత్తం నలభై ఒక్క వేలు, నలభై ఆరు, యాభై ఎనిమిది. ఆ అంకెలు నాకూ భాయ్‌కీ తప్ప ఎవరికీ తెలియవు. బావకు చెప్పబోతే, బాగుందా బాగలేదా అంతే చెప్పమనేవాడు.

ఆమె నన్ను తిట్టినప్పుడల్లా నాలుక చివరిదాకా వచ్చేది. ఎవరికి రోగం లేదంటున్నావు, నీ రోగం నేను లెక్కపెడుతున్నాను అని. ఆ మాట మింగినప్పుడల్లా ముందు గర్వం, వెంటనే సిగ్గు. ఆమె మీద నాకు జాలి కలగకపోవటం నన్నే భయపెట్టేది. రోగి అని తెలిసిన మనిషి మీద కోపం ఉంచుకోవటం, ఆ కోపం చూపించలేకపోవటం, జాలి చూపిద్దామంటే కారణం చెప్పలేకపోవటం. ఏ వైపు కదలబోయినా ఏదో ఒకటి తగిలేది. పుట్టింటికి పోయి నాలుగు రోజులు ఉందామంటే ఆమె మా నాయనకు అక్క. అక్కడ కూడా నోరు తెరిచే వీలు లేదు.

రెండో ఏడు బేస్తవారిపేట నుంచి చుట్టాలు వచ్చారు. నేను వంటింట్లో ఉన్నాను. అత్త వాళ్లతో మాట్లాడుతూ, మా తమ్ముడు నాకు అవిటి బిడ్డను అంటగట్టినాడు అన్నది. మెల్లగా కూడా అనలేదు. చేతిలోని గరిటె పెట్టేసి బయటకు వచ్చి, నా గురించి మాట్లాడేముందు నీ సంగతి చూసుకో అత్తా అన్నాను. అంతకుమించి ఒక్క మాట పెరిగినా అంతా బయటపడేది. ఆమె నా వేపు చూసి, నాకేం సంగతి ఉండాది అన్నది. నేను లోపలికి పోయాను.

ఆ నెలలో ఆమె రక్తం తీయాలి. ఇక నీ సూదులు నాకు పొడవొద్దు అన్నది. నేను కూడా బతిమాలలేదు. నెల గడిచింది, మూడు గడిచాయి, అయిదు గడిచాయి. తీయాల్సిన తారీకు నాకు గుర్తే ఉంది. ప్రతిరోజూ గుర్తొచ్చేది. బావ అడిగితే ఆమె ఒప్పుకోవటం లేదన్నాను. అది నిజమే. కాని అది సగం నిజం. ఇంతకుముందు ఒప్పుకోనప్పుడు పదిసార్లు బతిమాలి తీశాను. ఈసారి నా పంతం.

వేసవి మొదట్లో అత్త కళ్లు పచ్చబడ్డాయి. సందులో వాళ్లు కామెర్లన్నారు. నేను ల్యాబులో ఉన్నప్పుడు పక్కింటామెను వెంటబెట్టుకొని ఆమె గిద్దలూరు దగ్గర ఒక పల్లెకు పోయి పసరు తాగి వచ్చింది. ఉప్పు వద్దు, నూనె వద్దు, మూడు ఆదివారాలు పసరు, అప్పటిదాకా చప్పిడి కూడు. మొదటి వారానికే మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. ట్యాంకరు వచ్చిన రోజు ఒక బిందె మోసి, రెండోది ఎత్తబోయి అరుగు మీద కూలబడింది. ఆ రోజు నేను ఆమె దగ్గరికి పోయి కనురెప్ప కిందికి లాగి చూశాను. ఎరుపన్నది లేదు. సున్నం కొట్టినట్టుంది.

అడగకుండానే చెయ్యి పట్టుకొని రక్తం తీశాను. ఆమెకు వద్దనే ఓపిక కూడా లేదు. ల్యాబులో చూస్తే హిమోగ్లోబిను అయిదు. కళ్లకు పసుపు తెచ్చే బిలిరుబిను ఒక్కటే పెరిగింది, మిగతా లివరు పరీక్షలన్నీ సరిగానే ఉన్నాయి. కామెర్లు లివరువి కావు. స్లైడులో లింఫోసైట్లు ఎప్పటిలాగే కిక్కిరిసి ఉన్నాయి. ఈసారి నేను చూసింది వాటిని కాదు, ఎర్రకణాలను. మామూలు ఎర్రకణం నడుమ పల్చగా, గారె నడుమ గుంటలా ఉంటుంది. ఆమెవి ఆ పల్చన లేకుండా చిన్నగా, గుండ్రంగా, ముద్దగా ఉన్నాయి. ఎవరో అంచులు కొరికేస్తే మిగిలినవి మూటగట్టుకున్నట్టు. అవి అలా ఎందుకవుతాయో చదువుకున్నాను. ఒంట్లోని కాపలాయే తన ఎర్రకణాలను పరాయివనుకొని కొరుకుతోంది. లింఫోసైట్ల క్యాన్సరు ఉన్నవాళ్లలో కొందరికి ఇట్లా కూడా అవుతుంది. నా కీళ్లకు జరిగిందే ఆమె రక్తానికి జరుగుతోంది. అయిదు నెలల ముందే రక్తం చూసి ఉంటే ఇంతదాకా రాకపోయేదేమో. వచ్చేదేమో కూడా. డాక్టరమ్మ తర్వాత నాతో, ఇది ఒక్కోసారి వారంలోనే మీద పడుతుంది, నీ తప్పు అనుకోవద్దు అన్నది. ఆ మాట విన్నాను, ఒంటబట్టలేదు.

ఇంటికి పరిగెత్తుకొచ్చి, గుంటూరు పోదాం లే అత్తా అన్నాను. ఆమె మంచం మీద గోడవైపు తిరిగి పడుకొని ఉంది. ఇంకొక్క ఆదివారం పసరు తాగితే దిగిపోతుందంది. బావ బస్సు నడుపుతున్నాడు, ఫోను తీయలేదు. పాప బడి నుంచి వచ్చి గుమ్మంలో బూట్లు విప్పుకుంటోంది. నేను పాపకేసి చూశాను. ఆ తలకేసి చూశాను. నూనె రాసి నేనే పొద్దున రెండు జడలు వేసిన తల.

"అత్తా, ఇవి కామెర్లు కాదు. నీ రక్తంలో క్యాన్సరుంది. రెండేండ్ల నుంచి ఉండాది. ఇప్పుడది నీ రక్తాన్నే తింటా ఉంది. పోకపోతే నువ్వు ఈ వారం దాటవు."

ఆమె మెల్లగా నా వైపు తిరిగింది. పచ్చటి కళ్లు.

"నీకు తెల్సునా?"

"తెల్సు."

"వానికి?"

"తెల్సు."

పాప నా కొంగు పట్టుకొని నిలబడింది.

"అంటే ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఎర్రిదాన్ని," అన్నది. తర్వాత చెయ్యి చాపింది. "లేపు. ఈ చీర మార్చుకోనీ."

ఆమె బరువంతా నా మణికట్ల మీద వేసి లేచింది. ఆ నొప్పికి నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె వేరే అనుకొని, ఏడవొద్దు అన్నది.

పాపను పక్కింటామె దగ్గర వదిలి బాడుగ కారులో పోయాము. గుంటూరులో దిగిన వెంటనే చేర్చుకున్నారు. రక్తం ఎక్కించాలన్నారు, కాని ఏ సీసా రక్తం కలిపి చూసినా పడటం లేదు. ఎవరిదైనా ఆమె రక్తంతో కలిస్తే ముద్దలు కడుతోంది. నేను ఆస్పత్రి ల్యాబు కిటికీ దగ్గర నిలబడి లోపల నాలాంటి ఒక అమ్మాయి ట్యూబు తర్వాత ట్యూబు వెలుతురుకు పట్టి చూడటం చూశాను. ప్రతిసారీ తల అడ్డంగా ఊపింది. నా రక్తం ఇస్తానన్నాను, మేనకోడలినే అన్నాను. నువ్వు వాడే మాత్రలేమిటని అడిగి, నీది పనికిరాదన్నారు. చివరకు ఉన్నవాటిలో తక్కువ తేడా ఉన్న సీసా ఒకటి, చుక్క చుక్కగా, పక్కనే మనిషిని పెట్టి ఎక్కించారు. స్టెరాయిడ్ పెద్ద మోతాదులో మొదలుపెట్టారు. అది పనిచేయటానికి రోజులు పడుతుందన్నారు.

బావ వచ్చాడు. తల్లి మంచం పక్కన కూర్చున్నాడు. నాతో మాట్లాడలేదు. అత్త అతనికేసి చూసి, మీ నాయన మాటకు చచ్చిపోలేదురా, గొంతు మూసుకపోయి మింగలేక చచ్చిపోయినాడు, దగ్గరుండి చూసినదాన్ని నేను, అన్నది. అతను తల వంచుకొని బయటకు పోయాడు.

నాలుగో రోజు పాపను చూసుకోవడానికి అతను మార్కాపురం పోయాడు. ఆ మరుసటి రోజు ఫోను చేశాడు. పాపకు జ్వరమని చెప్పి, చూసినావా అన్నాడు. ఆ ఒక్క మాటే. నేను పదహారేళ్లుగా జ్వరాల రక్తం చూసినదాన్ని. ఆ వేసవిలో మా సందులో సగంమంది పిల్లలకు జ్వరాలు. అయినా ఫోను పెట్టేశాక ఆ వరండాలో గోడకు ఆనుకొని కూర్చుండిపోయాను. అత్తను వదిలి పోలేను, పాప దగ్గరకు చేరలేను. భాయ్ పాప రక్తం తీయించి, తనే స్లైడు చూసి ఫోను చేశాడు. అంతా మామూలే, వైరల్ జ్వరం, నేనే కళ్లతో చూసినాను, నన్ను నమ్ము అన్నాడు. ఆయన్ను నమ్మాను. కాని పాప జ్వరం మూడో రోజుకు దిగేదాకా నాకు అన్నం సయించలేదు. చదువు ఎంత ఉన్నా ఒట్టు అంత తేలిగ్గా వదలదు.

తొమ్మిదో రోజుకు అత్త హిమోగ్లోబిను ఏడు దాటింది. కళ్లలో పసుపు తగ్గింది. రెండు వారాలకు ఇంటికి పంపించారు. స్టెరాయిడ్ మెల్లగా, నెలల తరబడి తగ్గించుకుంటూ రావాలి. ఆమె ముఖం ఉబ్బింది, షుగరు నిజంగానే వచ్చింది. నేను రెండేళ్లు చెప్పిన అబద్ధం అట్లా నిజమైంది. ఒక రోజు మాత్రలు వేసుకుంటూ నా పెట్టెలోని మాత్ర చూసి, ఇదీ అదీ ఒకటేనా అని అడిగింది. ఒకటే, నాది చిన్నది, నీది పెద్దది అన్నాను. ఎన్నేండ్ల నుంచి మింగుతా ఉండావని అడిగింది. ఆరేండ్లు అన్నాను. ఆ తర్వాత నన్ను తిట్టటం మానిందని చెప్పలేను. బిందెల మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు, ఎందుకంటే ఇప్పుడు బిందెలు ఇద్దరం మోయలేము. బావ మోస్తాడు. బావ నాతో మాట్లాడటం మొదలుపెట్టడానికి రెండు నెలలు పట్టింది. పాప తల మీద నేను ఎప్పుడైనా చెయ్యి వేస్తే ఇప్పటికీ అతను చూపు తిప్పుకుంటాడు.

ఇప్పుడు మూడు నెలలకొకసారి ఆమే తారీకు గుర్తుచేస్తుంది. అంకె చెప్పమంటుంది. తగ్గించి చెప్పినావా అని నా కళ్లలోకి చూస్తుంది. లింఫోసైట్లు పెరుగుతూనే ఉన్నాయి. ఈ ఏడో వచ్చే ఏడో ఆ రోగానికి మాత్రలు మొదలుపెట్టాల్సి రావచ్చని డాక్టరమ్మ అన్నది. అందాకా ఏం చేయాలని అత్త అడిగితే, మామూలుగా ఉండమంది. అదే తెలియటం లేదు అన్నది అత్త.

పోయిన నెల రక్తం ఇవ్వటానికి ల్యాబుకు వచ్చినప్పుడు తన కణాలు చూస్తానంది. ఆ గదిలో ఇద్దరం పట్టము. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి నేను తలుపులో నిలబడ్డాను. ఆ తర్వాత ఎప్పుడో శుక్లం తీయించుకున్న కన్ను లెన్సుకు ఆనించి చాలాసేపు చూసింది.

"నేరేడు పండ్ల లెక్క ఉండాయే," అన్నది. "ఇన్నా?"

"ఇన్ని."

"నీవి చూపించు."

నా రక్తం కూడా రెండు నెలలకొకసారి చూసుకోవాలి, మాత్రల వల్ల. ఆ వారం స్లైడు పెట్టెలోనే ఉంది. తీసి పెట్టాను. ఆమె వెతికి వెతికి ఒకటి పట్టుకుంది, ఇంకొకటి పట్టుకుంది. నూటికి ఇరవై ఆరు, ఏ తేడా లేనివి, ఎవరికైనా ఉండేవే.

"నీవి బాగానే ఉండాయి గదా మే. మరి నొప్పులెందుకు?"

"చూస్తే తెలియదు అత్తా. మంచివి, చెడ్డవి ఒక్కమాదిరే ఉంటాయి."

ఆమె మళ్లీ కన్ను ఆనించింది. స్టూలు మీద నుంచి లేవలేదు. బయట రక్తం ఇవ్వటానికి వచ్చినవాళ్లు వరసలో నిలబడి ఉన్నారు. భాయ్ నన్ను రెండుసార్లు పిలిచాడు. నేను తలుపులోనే నిలబడి ఉన్నాను.